బంతి విసిరేవాడి బదులు

తిమ్మయ్య బ్యాటు పట్టాలా వద్దా అన్న తగాదా తీర్చమని ఆ శుక్రవారం నన్నే అడిగారు. నియమాల పుస్తకం నా చేతిలో ఉండటం ఒక కారణం. నేను బడిపంతుల్ని కావడం ఇంకో కారణం. మూడో కారణాన్ని ఎవరూ పైకి అనలేదు. నా తమ్ముడు వాళ్ళ యార్డులోనే చనిపోయాడు. అందువల్ల ఆ పనివాళ్ళ క్యాంపులో నాకు ఎదురు చెప్పడానికి అందరూ వెనకాడేవారు.

నేను కువైట్‌లో, సాల్మియా అనే చోట ఒక ఇండియన్ స్కూల్లో లెక్కలు చెబుతాను. అర్దియాలోని ఆ పైపుల యార్డుతో నాకున్న సంబంధం మా సత్యం ఒక్కడే. అసలు పేరు వెంకటసత్యనారాయణ. వాడికి వీసా తెప్పించింది నేనే. నిరుడు, అంటే ఎనభై మూడు మే నెలలో, ఒక మంగళవారం ఉదయం పేర్చిన పైపులు దొర్లి వాడి మీద పడ్డాయి. ఆ రోజు వాడికి సెలవు.

కంపెనీ ఇచ్చిన ఉత్తరంలో ఒక వాక్యం ఉంది. 'ఆనాడు విధుల్లో లేని ఈ వ్యక్తి, కారణం తెలియకుండా యార్డులో ఉండగా ప్రమాదం జరిగింది.' ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. అబద్ధమని వేలు పెట్టి చూపించగలిగిన మాట అందులో ఒక్కటీ కనబడలేదు. తెలియని ఆ కారణాన్ని ఊళ్ళో జనం తామే పూరించారు. రాగి తీగ ఎత్తుకురావడానికి వెళ్ళి ఉంటాడన్నారు. మా మరదలు గంగారత్నం నన్ను అడిగింది ఒక్కటే మాట. "బావగారూ, సెలవు రోజున ఆయన అక్కడికి ఎందుకు వెళ్ళారు?"

జవాబులో సగం నాకు తెలుసు. ఆ క్యాంపులో 'బదులు రోజు' అని ఒక పద్ధతి ఉంది. ప్రతి మనిషికీ అంకె కొట్టిన ఒక ఇత్తడి టోకెను ఇస్తారు. గేటు దగ్గర ఎడమవైపు బోర్డు మీద నుంచి దాన్ని తీసి కుడివైపు బోర్డుకు తగిలించి లోపలికి వెళ్ళాలి. టైంకీపర్ దావూద్ కుడి బోర్డు చూసి పుస్తకంలో హాజరు వేస్తాడు. అతను చూసేది టోకెన్లను, ముఖాలను కాదు. ఎవడికైనా జ్వరం వస్తే, ఆ రోజు సెలవున్న ఇంకొకడు వాడి టోకెను తగిలించి పనికి వెళతాడు. తరవాత ఎప్పుడో ఇతనికి బదులు అతను వెళతాడు. జబ్బు సెలవులు ఎక్కువగా పెట్టినవాణ్ణి కంపెనీ ఉంచుకోదు. వీసా క్యాన్సిల్ చేసి పంపేస్తుంది. అందుకని పుట్టిన ఏర్పాటు అది. క్యాంపులో అందరికీ తెలుసు. కంపెనీ పుస్తకాల్లో మాత్రం లేదు.

ప్రమాదం జరిగిన రోజున నేను వెళ్ళేసరికి సత్యం టోకెను ఎడమ బోర్డుకే వేలాడుతోంది. టోకెను తగిలించకుండా గేటు దాటడం ఎవరికీ కుదరదు. కాబట్టి వాడు మరొకడి టోకెను మీద లోపలికి వెళ్ళాడు. ఆ మరొకడు ఆ రోజు దావూద్ పుస్తకంలో హాజరు. నిజానికి క్యాంపులో మంచం మీద ఉన్నాడు. ఆ రోజు హాజరైనవాళ్ళు నలభై ఒక్క మంది. వాళ్ళలో ఒకడు నోరు విప్పితే, మా తమ్ముడు పని చేస్తూ చనిపోయాడని ఆ ఉత్తరంలో రాయించవచ్చు.

అడిగిన ప్రతివాడూ "తెలీదండి" అన్నాడు, లేకపోతే "ల్యా సార్, నేను జూళ్ళా" అన్నాడు. క్యాంపులో ఉన్న రెండు జిల్లాలవాళ్ళ భాషలోనూ ఒకే జవాబు.

అందుకే, చలికాలంలో కంపెనీల మధ్య శుక్రవారం పోటీలు మొదలై, స్కోరు రాయడానికి ఇంగ్లీషు వచ్చిన మనిషి కావాలని వాళ్ళ ఇంజనీరు డెంటన్ అడిగినప్పుడు వెంటనే ఒప్పుకున్నాను. ఆట మీద ఇష్టంతో వస్తున్నానని అందరూ అనుకున్నారు. దుఃఖం మరిచిపోవడానికి వస్తున్నానని డెంటన్ అనుకున్నాడు. నేను ముఖాలు చూడటానికి వచ్చాను.

ఆ ఆట బేస్‌బాల్. డెంటన్ నేర్పాడు. తొమ్మిదిమంది జట్టు. ఒకడు మధ్యలో నిలబడి బంతి విసురుతాడు, అవతలివాడు కర్రతో కొట్టి పరుగెత్తుతాడు. మన క్రికెట్ తెలిసినవాళ్ళకు ఒక పూటలో వంటబడుతుంది. మా జట్టులో విసిరేవాడు తిమ్మయ్య, రాయచోటి దగ్గరివాడు. చిన్నప్పుడు జొన్నచేలో మంచె మీద నిలబడి, వడిసెలతోనూ ఉత్త చేత్తోనూ పిట్టల మీదికి రాళ్ళు విసిరిన చెయ్యి అది. ఆ చేతిలోంచి బంతి వస్తుంటే అవతలి కంపెనీ కొరియావాళ్ళు కూడా వెనక్కి జరిగేవారు. కానీ కర్ర చేతికిస్తే తిమ్మయ్య ఉత్త గాలిని కొట్టేవాడు. నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా వాడి కర్రకు బంతి తగల్లేదని నా పుస్తకమే చెబుతుంది.

కొట్టడానికి పెద్దిరాజు ఉన్నాడు. అంబాజీపేటవాడు, సత్యానికి గదిలో పక్కమంచం. కర్రాబిళ్ళ ఆడిన మనిషి. వాడు కొడితే బంతి కంచె దాటి పక్క గోదాం రేకుల మీద పడేది. కాకపోతే భారీ శరీరం. వంగలేడు. బంతి కాళ్ళ మధ్య నుంచి వెళ్ళిపోయాక దాని కోసం చూస్తాడు. అందుకని వాణ్ణి జట్టులోకి తీసుకోలేదు.

ఫైనల్‌కు వారం ముందు డెంటన్ ఒక ఉపాయం చెప్పాడు. బంతి విసిరేవాడు బ్యాటు పట్టనక్కర్లేదు, అతని వంతు వచ్చినప్పుడల్లా మరొకడు వెళ్ళి కొట్టవచ్చు అని ఒక నియమం ఉంది. తిమ్మయ్య విసురుతాడు, పెద్దిరాజు కొడతాడు. అమెరికాలో సగం జట్లు పదేళ్ళుగా ఇలాగే ఆడుతున్నాయనీ, మిగతా సగం జట్లు ఇది ఆటే కాదంటాయనీ డెంటనే చెప్పాడు. అవతలి జట్టు పెద్ద రసెల్ ఆ రెండో రకం మనిషి. ఎదుటివాడి మీదికి బంతి విసిరే మనిషి తాను కూడా ఒకసారి బంతికి ఎదురు నిలబడాలంటాడు. అయినా ఫైనల్ మన స్థలంలో కాబట్టి మన ఇష్టానికే వదిలేశాడు. "మీవాళ్ళతో మాట్లాడి చెప్పండి" అని డెంటన్ పుస్తకం నాకిచ్చి వెళ్ళిపోయాడు.

మెస్సులో టీలు తాగుతూ మాట్లాడుకున్నాం. నేను నియమాన్ని తెలుగులో చెప్పగానే వంటమనిషి ఖాజా హుస్సేన్ గరిటె పట్టుకునే బయటికొచ్చాడు. తిమ్మయ్యదీ ఆయనదీ ఒకే తాలూకా.

"అదేం న్యాయం సారూ? మావోడు ఇసిరి ఇసిరి చెయ్యి వాపు దెచ్చుకునేది, మీ గోదారోడు నాలుగు తూర్లు కట్టె తిప్పి పేరు కొట్టుకుపొయ్యేది! వండేటోడు తినకుంటే కూట్లో ఉప్పు ఎట్ల తెలుస్తాది? ఇసిరేటోడు గూడా కొట్టల్ల."

"నువ్వొండింది నువ్వెప్పుడు తిన్నావ్ బాబాయ్?" అన్నాడు పెద్దిరాజు. "మొన్న బేకరీ పక్క హోటల్లో పరోటా తింటా కనబడ్డావ్. ఉప్పు సంగతి మాకొదిలేసి."

అందరూ నవ్వారు. "అది పరోటా గాదురా, దావత్తు" అన్నాడు ఖాజా హుస్సేన్. "యా నా కొడుకు జూసినాడో నాకు దెల్సు."

"నేనే చూసేనండి. ఆయ్, పక్కబల్ల మీద నేనే ఉన్నాను" అన్నాడు పెద్దిరాజు.

మళ్ళీ నవ్వులు. ఆ నవ్వుల్లో దావూద్ ఒక్కడే కలవలేదు. అతనూ రాయచోటి మనిషే. గ్లాసు కింద పెట్టి, గొంతు తగ్గించి అన్నాడు.

"మీరు నగుతాండారు గానీ, నాకు ఇది నచ్చలేదప్పా. ఒకడి బదులు ఇంకొకడు పోవచ్చంట. కాగితం మీద పేర్లు రాసియ్యల్లంట. అమెరికావోడు ఊరికే అడుగుతాడా? ఈ పొద్దు ఆట అంటాడు. రేపు అదే కాగితం తెచ్చి, 'మీకీ పద్ధతి బాగా తెలిసినట్లుండాదే, పనిలోగూడా ఇట్లనే జేస్తాండారా' అంటాడు. అప్పుడు నలభైమందికీ ఖలాస్."

ఒక్కొక్కరే నా వైపు చూసి చూపు తిప్పుకున్నారు. తాను ఎవరి ముందు ఏం మాట్లాడాడో దావూద్‌కు అప్పుడు తట్టింది. గ్లాసు తీసుకుని లేచిపోయాడు.

డెంటన్‌కు ఆట తప్ప వేరే ఆలోచన లేదని నాకు తెలుసు. పాపం ఆ నియమం ఎప్పుడో ఏ దేశంలోనో ఎవరో రాసుకున్నది. కానీ పట్టుబడతామన్న భయంతో పదినెలలు బతికినవాళ్ళకు అది తమ కోసమే పన్నిన వలలా కనిపించింది. నాకు మాత్రం వాళ్ళ భయంలో నేను వెతుకుతున్న మనిషి వాసన తగిలింది. ఈ గదిలోనే ఉన్నాడనుకున్నాను. పెద్దిరాజు వైపు చూశాను.

నా అనుమానం మొదటి నుంచీ పెద్దిరాజు మీదే. సత్యం పెట్టె సర్ది నాకిచ్చింది అతను. శవపేటికతో ఎయిర్‌పోర్టు దాకా వచ్చి, అయినవాళ్ళకంటే ఎక్కువ ఏడ్చింది అతను. ఆ తరవాత నా పక్కన ఒక్కసారి కూడా కూర్చోలేదు. నేను వస్తుంటే లేచి వెళ్ళిపోయేవాడు. నెల తిరక్కుండా గది మారాడు. తప్పు చేయనివాడు తప్పుకు తిరగడు. ఈ లెక్క నేను ఎన్నోసార్లు వేశాను, ప్రతిసారీ ఒకే జవాబు వచ్చింది.

ఆ నియమం వల్ల నాకు ఒక సదుపాయం ఉంది. కొట్టడానికి మాత్రమే ఉన్న మనిషి, తన జట్టు మైదానంలో ఉన్నంతసేపూ పక్కన కూర్చోవాలి. ఉన్న బెంచీ ఒక్కటే. అది స్కోరు రాసేవాడిది. పెద్దిరాజు గంటన్నరసేపు నా పక్కన ఉంటాడు, లేచిపోలేడు.

"తిమ్మయ్యా, నువ్వేమంటావు?" అని ఎవరో అడిగారు.

తిమ్మయ్య తలుపు దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. సన్నగా, నల్లగా ఉంటాడు. ఎప్పుడూ పెద్దగా మాట్లాడడు. "నా బదులు ఎవురూ పోవద్దు" అన్నాడు. "నేనే కొడతా. తగల్లేదంటే తగల్లేదు."

"ఒరే, ఓడిపోతాంరా!"

"ఓడిపోతే ఓడిపోతాం. నా బదులు మాత్రం వద్దు." ఈసారి గొంతు పెద్దదయింది. తరవాత నా వైపు తిరిగాడు. "సార్, అట్లనే చేసి తీరల్లని ఉండాదా పుస్తకంలో, మన ఇష్టమని ఉండాదా?"

మన ఇష్టమనే ఉంది. ఆ పుట మీద నా వేలు ఉంది.

"నియమం ఉంది" అన్నాను. "జట్టు గెలవాలంటే పాటించాలి."

ఇరవై రెండేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. పుస్తకంలో లేని మాటను ఉన్నట్టు చెప్పడం అదే మొదటిసారి. తిమ్మయ్యకు ఇంగ్లీషు చదవడం రాదు. తల దించుకున్నాడు. జట్టు పేర్ల కాగితం మీద తిమ్మయ్య బదులు బ్యాటు పట్టేవాడు పెద్దిరాజు అని నేనే రాసి డెంటన్‌కు ఇచ్చాను.

తరవాతి శుక్రవారం మార్చి రెండోవారంలో పడింది. పొద్దున్నే గాలి చల్లగా ఉంది. యార్డు వెనక ఇసకనేల మీద సున్నంతో గీతలు గీశారు. మొదట అవతలివాళ్ళు కొట్టాలి, మావాళ్ళు మైదానంలోకి వెళ్ళారు. పెద్దిరాజు వచ్చి బెంచీకి అటు చివర కూర్చున్నాడు. బెంచీ ఇటు లేచినంత పని అయింది.

నేను తిమ్మయ్య విసిరే బంతులు రాసుకుంటూ, తల ఎత్తకుండా అడిగాను. "రాజూ, ఆ మంగళవారం నువ్వెక్కడున్నావు?"

"ఏ మంగళారమండీ?" అన్నాడు. అని, ఆ మాట అన్నందుకు తనే సిగ్గుపడ్డాడు.

"క్యాంపులో మంచం మీద ఉన్నావా?"

"నేనా?" పెద్దిరాజు పూర్తిగా నా వైపు తిరిగాడు. "మాస్టారూ, మీరిన్నాళ్ళూ నేననుకుంటన్నారా?"

నేను పుస్తకంలో ఇంకో బంతి రాసుకున్నాను.

"నేను యార్డులోనే ఉన్నానండి. సత్యానికి నాలుగడుగుల దూరంలో ఉన్నాను. పైపు ఎత్తి లాగింది నేనూ, ఇంకో ఇద్దరూనండి. ఇదిగో చూడండి." చొక్కా చెయ్యి పైకి లాగాడు. మోచేతి కింద నుంచి మణికట్టు దాకా తెల్లటి మచ్చ ఉంది. "అప్పుడు గీసుకున్నదండి. వాడి తల నా ఒళ్ళోనే ఉంది."

పదినెలలుగా పొడుగు చేతుల చొక్కా తప్ప వేసుకోని మనిషి. ఆ సంగతి కూడా నేను గమనించి ఉన్నాను, నా లెక్కలో వేసుకుని ఉన్నాను, తప్పుగా.

"మరి నన్ను చూసి ఎందుకు తప్పుకు తిరిగావు?"

"ఒట్టేయించుకున్నారండి అందరి దగ్గరా. ఎవడి టోకెనో చెప్పకూడదని. మీరు పక్కన కూకుంటే నేనాపుకోలేనండి. నోరు జారిపోద్ది. అందుకే తప్పుకున్నాను." చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. "గదిలో ఆ మంచం ఖాళీగా చూత్తా పడుకోలేక గది మారేనండి."

"ఎవడి టోకెను?"

"అడక్కండి మాస్టారూ." కానీ మైదానం మధ్యలోకి చూశాడు. చూసి వెంటనే కళ్ళు దించుకున్నాడు. మధ్యలో తిమ్మయ్య ఉన్నాడు. కానీ మధ్యలోకి చూడకుండా ఆ ఆట చూడటం ఎవరికీ సాధ్యం కాదు. చూపు ఒక్కదాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదని నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పటికే ఒక మనిషిని తప్పుగా లెక్కవేసి ఉన్నాను.

మావాళ్ళ వంతు వచ్చింది. ముగ్గురు కొట్టాక తిమ్మయ్య వంతు. పెద్దిరాజు కర్ర తీసుకుని లేచాడు. తిమ్మయ్య వచ్చి అదే చోట కూర్చున్నాడు. చెమటతో తడిసిపోయి ఉన్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. ఆట వైపు చూడలేదు, నేల వైపే చూస్తున్నాడు.

"చూడవా?" అన్నాను.

"చూళ్ళేను సార్."

అవతల విసిరేవాడు పొడుగాటి కొరియా కుర్రవాడు. మొదటి బంతి పక్కకు పోయింది. రెండోదాన్ని పెద్దిరాజు బలంగా కొట్టాడు, గీత అవతల పడింది. మా జనం అరిచారు. మూడోది చేయి జారినట్టుంది. నేరుగా వచ్చి పెద్దిరాజు చెవి కింద తగిలింది. కర్ర ఒకవైపు, మనిషి ఒకవైపు పడ్డారు.

చప్పుడుకు తిమ్మయ్య తలెత్తాడు. నేల మీద ఉన్న మనిషిని చూశాడు. తరవాత అతని నోట్లోంచి వచ్చింది కేక అని చెప్పలేను. గాయపడ్డ పశువు చేసే చప్పుడు. గీతలన్నీ తొక్కుకుంటూ పరుగెత్తి పెద్దిరాజు పక్కన మోకాళ్ళ మీద పడ్డాడు.

"లెయ్ న్నా! లెయ్! వద్దని జెప్తినే, నా బదులు పోవద్దని జెప్తినే! ఒకాయప్పను సంపుకుంటిని, సాలదా? లెయ్ న్నా!"

నేను అక్కడికి చేరేసరికి పెద్దిరాజు కళ్ళు తెరిచాడు. చెవి కింద ఉబ్బి ఉంది. "సావలేదురా బాబూ" అన్నాడు. "ముందు నా డొక్క మీంచి మోకాలు తియ్యి."

ఎవరూ నవ్వలేదు. తిమ్మయ్య అన్న మాట అందరూ విన్నారు. తానేం అన్నాడో తిమ్మయ్యకు కూడా అప్పుడే వినబడినట్టుంది. లేచి నిలబడ్డాడు, నా ఎదురుగా.

"నా టోకెను సార్" అన్నాడు. "నాకు జరం. అంతకుముందు రెండుతూర్లు సిక్కు పెట్టింటి. మూడోతూరి పెడితే క్యాన్సిల్ జేస్తారని బయపడితి."

"నువ్వు అడిగావా? వాడే వస్తానన్నాడా?"

చచ్చిపోయినవాడు వచ్చి కాదనడని నాకు తెలుసు, తిమ్మయ్యకూ తెలుసు. అబద్ధం చెబుతాడని ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే, చెప్పాలనే కోరుకున్నాను. అప్పుడు అతన్ని అసహ్యించుకోవడం తేలికవుతుంది.

"నేనే అడిగినా సార్. ఆయప్ప ఆ పొద్దు సాల్మియాకు మీ కాడికి రావల్లనుకున్యాడు. నేనే బతిమిలాడితి."

ఆ మంగళవారం సాయంత్రం స్కూలు నుంచి వచ్చి, వాడు వస్తాడని టీకి నీళ్ళు ఎసరు పెట్టుకుని కూర్చున్నాను. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

డెంటన్ గుంపును తోసుకుంటూ వచ్చాడు. పెద్దిరాజు కళ్ళలోకి చూసి, వేళ్ళు ఎన్నో చెప్పమని అడిగి, ఫరవాలేదనుకున్నాక నా వైపు తిరిగాడు. "ఇతనెందుకు ఏడుస్తున్నాడు? ఏమంటున్నాడు?" అన్నాడు ఇంగ్లీషులో.

అందరూ నా నోటి వైపు చూశారు. దావూద్ ముఖం పాలిపోయింది. అక్కడ ఇంగ్లీషు సరిగ్గా వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఏం చెబితే అదే నిజమవుతుంది. పదినెలలు వెతికిన వాక్యం దొరికింది. దాన్ని పలికితే ఎదురుగా ఉన్న ఈ మనిషి ఉద్యోగం పోతుంది. పలక్కపోతే మా తమ్ముడు దొంగగానే ఉండిపోతాడు.

పెద్దిరాజు నేల మీద కూర్చునే నా పంచె అంచు పట్టుకున్నాడు. "మాస్టారూ, వాడికి ఇద్దరాడపిల్లలండి."

"సత్యానికి ఒకడు" అన్నాను.

పెద్దిరాజు చెయ్యి వదిలేశాడు.

"తిమ్మయ్యా" అన్నాను. "వారం కిందట నువ్వడిగినదానికి నేను సరిగా చెప్పలేదు. పుస్తకంలో మన ఇష్టమనే ఉంది. నీ బదులు ఎవర్నీ పంపనక్కర్లేదు. నేనే కావాలని దాచాను. ఇప్పుడు కూడా నీ ఇష్టమే. చెప్పమంటే చెబుతాను. వద్దంటే బంతి తగిలినందుకు భయపడ్డాడని చెబుతాను."

ఆ మాటలు నా నోటి నుంచి ఎలా వచ్చాయో నాకు తెలియదు. మంచితనంతో వచ్చాయనుకోకండి. వద్దంటాడని నా అనుమానం. అప్పుడు ఇతను ఎలాంటివాడో నాకు తేలిపోతుంది.

తిమ్మయ్య చేతివెనకతో ముక్కు తుడుచుకున్నాడు. "జెప్పండి సార్. ఆయప్ప సెలవులో తిరగను రాలేదని జెప్పండి. పనికొచ్చినాడని జెప్పండి. ఎవురి పనికో గూడా జెప్పండి."

చెప్పాను. మాట కలపలేదు, తీయలేదు. దావూద్ పేరు మాత్రం ఎత్తలేదు. డెంటన్ టోపీ తీసి చేత్తో పట్టుకుని విన్నాడు. తరవాత, రేపు శనివారం పదింటికి కువైట్ సిటీలో హెడ్డాఫీసుకు వచ్చి ఇదే మాట రాసిస్తాడా అని అడిగాడు. తాను కూడా వస్తానన్నాడు. తిమ్మయ్య తల ఊపాడు. ఆట అక్కడితో ఆగింది. రసెల్ వచ్చి, ఇంకో శుక్రవారం ఆడదామన్నాడు. మళ్ళీ ఆడలేదు.

మర్నాడు స్కూలుకు సెలవు పెట్టి తొమ్మిదిన్నరకే ఆఫీసు మెట్ల దగ్గర నిలబడ్డాను. రాడనుకున్నాను. దావూద్ మాట్లాడి ఉంటాడు, ఖాజా హుస్సేన్ పిల్లల్ని గుర్తుచేసి ఉంటాడు, రాత్రికి రాత్రి వేరే మాట అల్లుకుని ఉంటారు. అర్దియా నుంచి వచ్చిన ప్రతి బస్సూ చూశాను. పదీ పదికి ఒక బస్సులోంచి తిమ్మయ్య దిగాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. వెనక పెద్దిరాజు, చెవి కింద గుడ్డ కట్టుతో. ఆ వెనక దావూద్.

దావూద్‌ను చూసి నాకు మళ్ళీ అనుమానం వచ్చింది. "నువ్వెందుకు?" అన్నాను.

"హాజరు ఏసింది నేను గదా సార్" అన్నాడు దావూద్, నా ముఖం చూడకుండా. "వీడొక్కడు జెప్తే నమ్మరు. పుస్తకం తెచ్చినా."

లోపల గంటసేపు పట్టింది. వాళ్ళు చెప్పింది నేను ఇంగ్లీషులో రాశాను. తిమ్మయ్య తెలుగులో సంతకం చేశాడు. ఉత్తరంలో ఆ వాక్యం మారుస్తామనీ, 'తోటి కార్మికుడి స్థానంలో పని చేస్తూ' అని రాస్తామనీ పర్సనెల్ ఆఫీసర్ చెప్పాడు. రెండు వారాల తరవాత అలాగే రాసి పంపారు. దాని నకలు గంగారత్నానికి పంపాను. దావూద్‌ను వేరే యార్డుకు మార్చారు. తిమ్మయ్య పాస్‌పోర్టు ఆ ఉదయమే బల్ల మీద ఉంచేసుకున్నారు. డెంటన్ ఏదో చెప్పబోయాడు. ఆఫీసర్ చెయ్యెత్తి ఆపాడు.

బయటికి వచ్చాక పెద్దిరాజూ దావూద్ టీకని ముందుకు వెళ్ళారు. నేనూ తిమ్మయ్యా బస్టాపు నీడలో నిలబడ్డాం. క్షమించానని రాయడానికి ఇది చోటే. కానీ నేను క్షమించలేదు. అతనూ అడగలేదు. అడగనందుకు అతని మీద కాస్త గౌరవం కలిగింది.

"ఎప్పుడు వెళ్ళమన్నారు?" అన్నాను.

"పదైదు దినాలు సార్."

రెండు బస్సులు వెళ్ళిపోయాయి. మూడోది నాది, సాల్మియాది. నేను మెట్టు మీద కాలు పెట్టబోతుంటే తిమ్మయ్య అన్నాడు.

"టోకెను తీసుకోని పోతా ఆయప్ప ఒక మాటన్న్యాడు సార్. ఇన్నాళ్ళూ మీకు జెప్పే మొగం ల్యాకపాయె."

కాలు వెనక్కి తీసుకున్నాను. బస్సు వెళ్ళిపోయింది.

"ఏమన్నాడు?"

"'ఖాజా బాబాయి చేత మిరియాల చారు పెట్టించుకుని తాగు తిమ్మయ్యా, నాక్కూడా కొంచెం ఉంచు' అన్న్యాడు."

మా సత్యం గొంతు అచ్చం అలాగే ఉండేది, 'నాక్కూడా' అన్నచోట సాగదీసి. రాయచోటి మనిషి నోట్లోంచి మా ఊరి సాగతీత వినబడింది.

"ఉంచినా సార్" అన్నాడు తిమ్మయ్య. "సాయంత్రందాకా మూత పెట్టి ఉంచినా."